తూము మూసుకుంటే: మగశిశువులలో పుట్టుకతో వచ్చే మూత్రావరోధం

పసివాడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోసే అమ్మమ్మలు, నాయనమ్మలు వాడి మూత్రధార ఎంత దూరం పోయి పడిందో చూసి మురిసిపోవటం తెలుగు ఇళ్ళలో పాత ముచ్చటే. ఆ ముచ్చటలో ఎవరికీ తెలియకుండా ఒక వైద్యపరీక్ష దాగి ఉన్నది. ధార సన్నగా చుక్కలు చుక్కలుగా పడుతున్నా, పిల్లవాడు ముఖం ఎర్రబడేలా ముక్కుతున్నా ఆ పెద్దావిడే మొదట గమనించేది. ఇప్పుడు, ముఖ్యంగా విదేశాలలో స్థిరపడిన కుటుంబాలలో, పుట్టిన గంట నుండి పిల్లవాడికి డయపరు తొడుగుతారు. డయపరు తడి చూపిస్తుందే తప్ప ధారను చూపించదు. చుక్కచుక్కగా రోజంతా కారినా అది నిండుతుంది. నిండింది కనుక అంతా సవ్యంగానే ఉన్నదని తల్లిదండ్రులు అనుకుంటారు.

ఇలా కంటికి కనబడకుండా పోయే వ్యాధులలో ముఖ్యమైనది ప్రసేకంలో, అంటే మూత్రాశయం నుండి మూత్రం బయటకు వచ్చే గొట్టంలో, పుట్టుకతోనే ఏర్పడే అడ్డుపొర. వైద్యులు దీనిని పోస్టీరియర్ యురెత్రల్ వాల్వ్స్ అనీ, క్లుప్తంగా పి.యు.వి. అనీ వ్యవహరిస్తారు. ఇది మగపిల్లలకు మాత్రమే వస్తుంది, ఎందుకంటే ఆ పొర పుట్టే చోటు, ప్రొస్టేట్ గ్రంథిని దాటివచ్చే ప్రసేకభాగం, మగవారికే ఉంటుంది. సుమారు 5,000 నుండి 8,000 మంది మగశిశువులకు ఒకరిలో ఇది కనబడుతుందని పాఠ్యగ్రంథాలు చెబుతూ వచ్చాయి. అంతకంటే తరచుగానే వస్తుందని ఈమధ్య లెక్కలు కొన్ని సూచిస్తున్నాయి. ఏ లెక్క తీసుకున్నా ఇది అరుదైన వ్యాధే. అయితే పసిపిల్లల మూత్రపిండాలు పూర్తిగా చెడిపోవటానికి ఉన్న కారణాలలో మాత్రం దీనిది ముందు వరుస.

కవాటం అనగానే తలుపు వంటిదేదో ఊహించుకోనవసరం లేదు. ఇది పలుచని పొర. మూత్రం పైనుండి క్రిందికి వచ్చేటప్పుడు గాలి నిండిన తెరచాపలాగా ఉబ్బి దారిని మూసివేస్తుంది. క్రిందినుండి పైకి ఒక సన్నని గొట్టాన్ని పంపితే మాత్రం పక్కకు ఒదిగి దారి ఇస్తుంది. అందువల్లనే గొట్టం సులువుగా లోపలికి పోయింది కనుక అడ్డు ఏమీ లేదని భ్రమపడే అవకాశం ఉన్నది. బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పనిచేసిన హ్యూ హాంప్టన్ యంగ్ 1919లో ఈ పొరలను మూడు రకాలుగా వర్గీకరించాడు. నూటికి తొంభైఅయిదు పాళ్ళు మొదటి రకానివే. ఆ వర్గీకరణ సరికాదనీ, ఇది నిజానికి మధ్యలో రంధ్రమున్న ఒకే పొర అనీ, గొట్టం దూర్చినప్పుడు చిరిగి రెండు రెక్కలుగా కనిపిస్తుందనీ 1990లలో వాదన బయలుదేరింది. పేరు ఏదైనా పిల్లవాడికి కలిగే నష్టం ఒకటే.

ఆ నష్టాన్ని అర్థం చేసుకోవటానికి ఊరి చెరువు చాలు. తూము మూసుకుపోతే చెరువు నిండుతుంది, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, ఆ తరువాత నీరు వచ్చిన కాలువలోకే ఎదురుతన్నుతుంది. మూత్రాశయం కండరంతో చేసిన సంచి కనుక అడ్డును ఎదిరించటానికి గోడలు దళసరి చేసుకుంటుంది. అది చాలనప్పుడు రెండు మూత్రనాళాలూ ఉబ్బి మెలికలు తిరుగుతాయి. చివరికి ఒత్తిడి మూత్రపిండాలకు చేరుతుంది. కొందరు పిల్లలలో ప్రకృతి అలుగు వంటి ఏర్పాటు చేస్తుంది: ఒత్తిడంతా ఒక పక్క మూత్రపిండం మీదికే పోయి అది బలి అవుతుంది, రెండవది బ్రతుకుతుంది. అలుగు ఉన్న పిల్లలు అదృష్టవంతులని ఒకప్పుడు అనుకునేవారు. వారిని ఏళ్ళ తరబడి గమనించిన తరువాత ఆ ధీమా కొంత సడలింది.

గర్భంలో

ఈ కథ ప్రసూతి గదిలో మొదలు కాదు. పొర గర్భధారణ తొలి నెలలలోనే ఏర్పడుతుంది. పదవ వారం నాటికి పిండం మూత్రం తయారుచేయటం మొదలుపెడుతుంది. పదహారు వారాలు దాటిన తరువాత గర్భాశయంలోని ఉమ్మనీటిలో అధికభాగం శిశువు మూత్రమే. తూము మూసుకుంటే ఉమ్మనీరు తగ్గుతుంది. ఆ నీరు లేనిదే ఊపిరితిత్తులు పెరగవు. తీవ్రమైన అవరోధం ఉన్న శిశువులు కొందరు పుట్టిన కొద్ది గంటలలోనే మరణించటానికి మూత్రపిండాల కంటే ముందు ఊపిరితిత్తులే కారణం కావటం ఇందువల్లనే.

ఇంకొక గడువు కూడా ఉన్నది. మూత్రపిండంలోని వడపోత యంత్రాలు, నెఫ్రాన్లు, ఒక్కొక్క పిండంలో సుమారు పది లక్షలు. ఇవన్నీ ముప్ఫైఆరవ వారానికి ముందే తయారవుతాయి. తరువాత ఉన్నవి పెద్దవవుతాయే కాని కొత్తవి పుట్టవు. అంటే నెలలు నిండి పుట్టిన పిల్లవాడికి ఆ రోజే చికిత్స చేసినా, అప్పటికే ఏర్పడకుండా పోయిన నెఫ్రాన్లను ఏ శస్త్రవైద్యుడూ తిరిగి ఇవ్వలేడు. చికిత్స కాపాడేది మిగిలినవాటినే.

గర్భస్థ శిశువును ధ్వనితరంగాలతో చూడవచ్చునని గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ బృందం 1958లో ప్రకటించిన తరువాత, రెండు మూడు దశాబ్దాలలో అల్ట్రాసౌండ్ పరీక్ష ప్రసూతి వైద్యంలో నిత్యకృత్యమైంది. ఈ వ్యాధిలో తెర మీద కనబడేది తాళంచెవి రంధ్రం ఆకారం: పైన ఉబ్బిన మూత్రాశయం, దాని క్రింద వెడల్పైన ప్రసేకభాగం. దానితోపాటు రెండు మూత్రపిండాలూ ఉబ్బి ఉండటం, ఉమ్మనీరు తగ్గటం కనిపిస్తే అనుమానం బలపడుతుంది. అయితే ఇరవయ్యవ వారం పరీక్షలో ఏమీ కనబడక, ముప్ఫయ్యవ వారంలో బయటపడే కేసులు తక్కువేమీ కావు. ఒక్క స్కాను బాగున్నదని నిశ్చింతగా ఉండకూడదనటానికి ఇదే కారణం.

ఇక్కడ భారతదేశానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి చెప్పుకోవాలి. ఆడపిండాల హత్యను అరికట్టటానికి 1994లో చేసి 2003లో సవరించిన చట్టం ప్రకారం శిశువు ఆడో మగో చెప్పటం నేరం. మగపిల్లల వ్యాధి కనుక దీని పేరు ఎత్తితేనే లింగం బయటపెట్టినట్లవుతుందని సంకోచించేవారు ఉండవచ్చు. మూత్రాశయం, మూత్రపిండాలు ఉబ్బి ఉన్నాయని నివేదికలో వ్రాయటానికి ఆ చట్టం అడ్డురాదు. పుట్టుకతో వచ్చే లోపాలను కనిపెట్టటానికి స్కానింగును అది స్పష్టంగా అనుమతిస్తున్నది. తల్లిదండ్రులకు కావలసినది కూడా ఆ రెండు మాటలే. కాన్పుకు పుట్టింటికి వచ్చినా, పుట్టింటి నుండి తిరిగి వెళ్ళినా ఆ కాగితం ప్రయాణపు సంచిలో ఉండాలి.

గర్భంలోనే చికిత్స చేస్తే? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంగణంలో మైకేల్ హారిసన్ బృందం 1981లో గర్భాశయాన్ని తెరచి, మూత్రావరోధం ఉన్న శిశువుకు శస్త్రచికిత్స చేసి, తిరిగి గర్భంలోనే ఉంచి కుట్టివేసింది. ఆ శిశువు పుట్టిన తరువాత బ్రతకలేదు, కాని పిండచికిత్స అనే శాస్త్రం బ్రతికింది. అంత సాహసం అక్కరలేని పద్ధతి కూడా వచ్చింది: తల్లి పొట్ట మీదుగా సూదితో ఒక చిన్న గొట్టాన్ని శిశువు మూత్రాశయంలో అమర్చితే మూత్రం నేరుగా ఉమ్మనీటిలోకి పోతుంది.

ఎవరికి గొట్టం వేయాలో తేల్చటంలో రసాయన శాస్త్రం తోడ్పడుతుంది. ఆరోగ్యవంతమైన పిండం తన మూత్రంలోని ఉప్పును తిరిగి పీల్చుకుంటుంది, కనుక ఆ మూత్రం పలుచగా ఉంటుంది. లీటరుకు సోడియం 100 మిల్లీ ఈక్వివలెంట్ల కంటే, క్లోరైడు 90 కంటే తక్కువ ఉంటే మూత్రపిండాలలో ఇంకా సత్తువ ఉన్నట్లు 1980లలో సూత్రీకరించారు. చెడిపోయిన పిండం ఉప్పును పట్టి ఉంచలేదు. ఇందులో ఒక మెలకువ ఉన్నది. మొదటిసారి సూదితో తీసిన మూత్రం మూత్రాశయంలో ఎంతకాలంగా నిలువ ఉన్నదో తెలియదు. అందుకే ఒకటి రెండు రోజుల వ్యవధితో రెండు మూడుసార్లు తీసి, చివరిదానిని నమ్ముతారు.

ఇంత చేసి ఫలితమెంత? బ్రిటన్ కేంద్రంగా జరిగి 2013లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ప్లూటో పరిశోధన దీనికి సమాధానం వెదికింది. 150 మంది గర్భిణులను చేర్చుకోవాలనుకున్నారు. చివరికి చేరినది 31 మందే. గొట్టం వేసిన 16 గర్భాలలో 8 మంది శిశువులు, వేయని 15లో 4గురు పుట్టిన తరువాత 28 రోజులు దాటారు. రెండేళ్ళ వయసుకు మామూలుగా పనిచేసే మూత్రపిండాలతో మిగిలినవారు ఇద్దరే. ఇద్దరూ గొట్టం వేసినవారే. ఇంత చిన్న సంఖ్యల నుండి గట్టి తీర్పు రాదు. గొట్టం కొందరి ప్రాణాన్ని నిలబెట్టవచ్చు, మూత్రపిండాలను కాపాడుతుందన్న హామీ లేదు, అని మాత్రం అనవచ్చు. గర్భంలో చికిత్స అనగానే అంతా నయమైపోతుందని ఆశపెట్టే వార్తలను ఈ అంకెల ప్రక్కన పెట్టి చదవటం మంచిది.

పుట్టిన తరువాత

పుట్టిన తరువాత ఎక్కడ తొందరపడాలి, ఎక్కడ నిదానించాలి అన్నది చాలామందికి తారుమారుగా అర్థమవుతుంది. తొందర కావలసినది మూత్రం బయటకు పోయే దారికి. పొరను కోయటానికి అంత తొందర లేదు.

మూత్రాశయంలోకి సన్నని గొట్టం వేసి మూత్రం తీసివేయగానే ఒత్తిడి తగ్గుతుంది. దీనికి వాడేది పసిపిల్లలకు పాలు పట్టే ఆరు నంబరు ట్యూబు. మూడు నంబర్లు ఒక మిల్లీమీటరు కనుక దాని మందం రెండు మిల్లీమీటర్లు. కొసన బుడగ ఉండే రకాన్ని సాధారణంగా వద్దంటారు, ఎందుకంటే దళసరెక్కి ముడుచుకున్న చిన్న మూత్రాశయంలో ఆ బుడగే మూత్రనాళాల ద్వారాలను మూసివేయవచ్చు. ఈ పని హైదరాబాదులోనో హ్యూస్టన్‌లోనో చేయనక్కరలేదు. ఒంగోలులోనో నల్లగొండలోనో శిశువైద్యుడు గొట్టం వేసి, యాంటిబయాటిక్ మొదలుపెట్టి, రక్తంలో పొటాసియం, ఆమ్లగుణం సరిదిద్ది ఆ తరువాత అంబులెన్సు ఎక్కిస్తే పిల్లవాడు పెద్దాసుపత్రికి సగం గండం గడిచి చేరతాడు. గొట్టం వేయకుండా ఎనిమిది గంటలు ప్రయాణం చేయించటమే అసలైన ఆలస్యం. మూత్రం ఒక్కసారిగా విడుదలైన తరువాత దెబ్బతిన్న మూత్రపిండాలు నీటిని, ఉప్పును ధారాళంగా వదిలేస్తాయి. ఆ లోటును గంటగంటకూ భర్తీ చేయాలి.

గర్భంలో మూత్రపిండాలు కొద్దిగా ఉబ్బి కనబడిన పిల్లలకు పుట్టిన 48 గంటల తరువాత స్కాన్ చేయమని సాధారణ నియమం. తొలి రెండు రోజులు మూత్రం తక్కువ కనుక ఉబ్బు కనబడకపోవచ్చునని దాని ఉద్దేశం. ఈ నియమం ఈ వ్యాధికి వర్తించదు. రెండు వైపులా ఉబ్బు, మూత్రాశయపు ఉబ్బు ఉన్న మగశిశువుకు వెంటనే గొట్టం, వెంటనే స్కాన్. ఆ తరువాత మూత్రాశయంలోకి ఎక్స్‌రేకు కనబడే ద్రవం పంపి, పిల్లవాడు మూత్రం పోస్తుండగా తీసే చిత్రంతో వ్యాధి నిర్ధారణ అవుతుంది.

పిల్లవాడు కుదుటపడిన తరువాత, కొద్ది రోజులలో, సన్నని ఎండోస్కోపును ప్రసేకంలోకి పంపి పొరను కోస్తారు. పైకి గాయం ఉండదు. ఇది సాధ్యపడటం వెనుక హెరాల్డ్ హాప్కిన్స్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన 1959లో పేటెంటు తీసుకున్న గాజుకడ్డీ కటకాల వల్లనే అంత సన్నని గొట్టంలోనుండి అంత వెలుగుతో చూడటం వీలయింది. అంతకు అయిదేళ్ళ ముందు, 1954లో, గాజుతంతువుల ద్వారా బొమ్మను పంపవచ్చునని ఆయనతో కలిసి నేచర్ పత్రికలో వ్రాసినవాడు పంజాబునుండి లండనుకు చదువుకోవటానికి వెళ్ళిన నరీందర్ సింగ్ కపానీ. బిడ్డ మరీ చిన్నవాడైతే, పరికరం పట్టకపోతే, పొట్ట క్రిందిభాగాన మూత్రాశయానికి తాత్కాలికంగా ద్వారం చేస్తారు. చూడటానికి భయం కలిగించినా అది పిల్లవాడు పెరిగేదాకా కాలాన్ని కొనిపెట్టే మార్గం. కొన్ని నెలల తరువాత పొర ఏమైనా మిగిలి ఉన్నదేమో మళ్ళీ చూడటం తప్పనిసరి.

ఒక అంకె, దాని చిక్కులు

ఈ పిల్లల భవిష్యత్తును రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థంతో అంచనా వేస్తారు. దీనిని కొలిచే పద్ధతికి పునాది వేసినవాడు మాక్స్ యాఫె. క్షారద్రావణంలో క్రియాటినిన్, పిక్రిక్ ఆమ్లంతో కలిసి నారింజ రంగునిస్తుందని ఆయన 1886లో కనుగొన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగిగుండ్లలో కూరినది కూడా ఈ పిక్రిక్ ఆమ్లమే. ఇప్పటికీ ఎన్నో ప్రయోగశాలలలో ఈ పద్ధతికి సవరించిన రూపాలే వాడుకలో ఉన్నాయి. పసికందుల విషయంలో దీనికొక లోపం ఉన్నది: పుట్టుకామెర్లలో పెరిగే బిలిరుబిన్ ఈ రంగును చెడగొట్టి క్రియాటినిన్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపించగలదు. ఎంజైములతో కొలిచే పద్ధతి ఖరీదు ఎక్కువైనా శిశువులకు అదే మేలు.

పద్ధతి సరైనదే అయినా తొలిరోజు అంకెను నమ్మలేము. క్రియాటినిన్ మాయను సులువుగా దాటుతుంది కనుక పుట్టిన బిడ్డ రక్తంలో ఉన్నది తల్లి అంకె. అది రెండు వారాలలో క్రమంగా దిగాలి. దిగకపోవటమే ప్రమాదసూచన. మొదటి ఏడాదిలో అది చేరుకునే అత్యంత తక్కువ అంకె డెసిలీటరుకు 0.8 మిల్లీగ్రాములకు లోపుంటే భవిష్యత్తు ఆశాజనకం, 1.0 నుండి 1.2 దాటితే మూత్రపిండాలు ఏదో ఒకనాడు విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

ఇంతకంటే ఎక్కువమంది తల్లిదండ్రులు మోసపోయే చోటు మరొకటి. నివేదికలో అంకె ప్రక్కన ముద్రించే సాధారణ పరిమితి తరచుగా పెద్దవాళ్ళది: 0.6 నుండి 1.2 వరకు. అయిదేళ్ళ పిల్లవాడికి 0.8 వచ్చింది అనుకుందాం. పరిమితిలోనే ఉన్నదని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. జార్జ్ ష్వార్ట్జ్ రూపొందించి 2009లో సవరించిన సూత్రం ప్రకారం పిల్లవాడి ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని, 0.413తో గుణించి, క్రియాటినిన్‌తో భాగించాలి. ఎత్తు 110 సెంటీమీటర్లయితే వచ్చేది 57. ఆ వయసులో ఉండవలసినది 90కి పైన. అంటే ఊపిరి పీల్చుకున్న ఆ ఇంట్లో పిల్లవాడి మూత్రపిండాలు ఇంచుమించు సగమే పనిచేస్తున్నాయి. కండ తక్కువగా ఉన్న పిల్లవాడిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ అన్నది మరచిపోవటం వల్ల వచ్చే పొరపాటు ఇది.

దేశాలు మారే కుటుంబాలకు ఇంకొక మెలిక. భారతదేశంలోను, అమెరికాలోను డెసిలీటరుకు మిల్లీగ్రాములలో చెబుతారు. బ్రిటన్, మలేషియా వంటి చోట్ల లీటరుకు మైక్రోమోల్‌లలో. ఒక మిల్లీగ్రాము 88.4 మైక్రోమోల్‌లకు సమానం. కనుక 0.8 అన్నా 71 అన్నా ఒకటే. పాత ఫైలులో 0.8, కొత్త ఫైలులో 71 చూసి గుండె పట్టుకోనవసరం లేదు, అలాగని 71 అన్నది చిన్నపిల్లవాడికి మంచి అంకె అని సంబరపడనూ అక్కరలేదు.

ఆలస్యంగా బయటపడేవారు

గర్భంలోను, పుట్టినప్పుడు కూడా తప్పించుకున్న పిల్లలు ఎప్పుడో జ్వరంతో, వాంతులతో, ఎదుగుదల లేకపోవటంతో ఆసుపత్రికి వస్తారు. కారణం తెలియని జ్వరం వచ్చిన పసిపిల్లవాడికి మూత్రపరీక్ష చేయించాలన్న చిన్న సంగతి ఇక్కడ ఎంతో నష్టాన్ని ఆపగలదు. ఇంకా పెద్దవాళ్ళు అయిదారేళ్ళకు, కొందరు పదేళ్ళు దాటాక, పగలు కూడా బట్టలు తడుపుకుంటున్నారని వస్తారు. రాత్రి పక్క తడిపే పిల్లలలో అత్యధికులకు ఏ రోగమూ ఉండదు, వయసుతో అదే పోతుంది. కాని పగలు కూడా కారటం, ధార సన్నబడటం, ముక్కి పోయటం, మాటిమాటికీ మూత్రంలో చీము చేరటం ఇవన్నీ పక్క తడిపే అలవాటు క్రింద జమకట్టవలసినవి కావు. ధార బాగున్నంత మాత్రాన అనుమానాన్ని వదలకూడదు. దళసరెక్కిన మూత్రాశయం చాలాకాలం బలంగానే తోస్తుంది. ఆలస్యంగా బయటపడితే వ్యాధి తేలికైనదని ఒకప్పుడు నమ్మేవారు. వీరిలోనూ మూత్రపిండాలు చెడినవారు తగినంతమంది కనబడటంతో ఆ నమ్మకం చెదిరింది.

ముందే కనిపెట్టినవారికి ఫలితాలు మెరుగ్గా ఉండాలి కదా అనిపిస్తుంది. కొన్ని లెక్కలలో అలా కనబడదు. ముందుగా బయటపడేవి అతి తీవ్రమైన కేసులే కావటం దీనికి కారణం. ఆ అంకెలు చూసి ముందే తెలుసుకుని లాభమేమిటని వాదించటం తప్పు.

పొర కోసివేసిన తరువాత కూడా మూత్రాశయం తన పాత బిగువును అంత త్వరగా మరచిపోదు. పైగా దెబ్బతిన్న మూత్రపిండాలు పలుచని మూత్రాన్ని లీటర్ల కొద్దీ తయారుచేస్తాయి. అందువల్ల వేళకు వేళకు మూత్రం పోయించటం, ఒకసారి పోసిన కొద్ది నిమిషాలకు మరొకసారి పోయించటం, అవసరమైతే మందులు, మరీ అవసరమైతే రాత్రిపూట గొట్టం ఈ చికిత్సలో భాగాలు. నీళ్ళు తక్కువ త్రాగించి పక్క ఆరబెట్టాలనుకోవటం ఈ పిల్లలకు హాని. తరగతి మధ్యలో లేవనివ్వని పాఠశాలకు వైద్యుడి ఉత్తరం ఇవ్వాలి. మరుగుదొడ్డి శుభ్రంగా లేక రోజంతా బిగపట్టుకునే పాఠశాల అయితే ఇంకా పట్టుబట్టి మాట్లాడాలి. పక్క తడిపినందుకు ఇలాంటి పిల్లవాడిని కొట్టటం కుంటివాడిని పరుగెత్తలేదని కొట్టటం వంటిది.

తెలుగు హిందూ కుటుంబాలను ఇబ్బంది పెట్టే ప్రశ్న సున్తీ. ఫ్రాన్సులో జరిగి 2022లో ఫలితాలు వెలువడిన పరిశోధనలో, ఈ వ్యాధి ఉన్న 91 మంది పిల్లలలో కొందరికి యాంటిబయాటిక్ మాత్రమే, కొందరికి దానితోపాటు సున్తీ కూడా చేశారు. రెండేళ్ళలో జ్వరంతో కూడిన మూత్రవ్యాధి మొదటి వర్గంలో నూటికి 20 మందికి, రెండవ వర్గంలో 3గురికి వచ్చింది. వైద్యుడు ఈ సలహా ఇచ్చినప్పుడు దానిని మతం కోణంలో కాక ఈ అంకెల కోణంలో చూడటం సమంజసం.

ఈ పిల్లలలో సుమారు మూడింట ఒక వంతుకు జీవితంలో ఎప్పుడో మూత్రపిండాల వైఫల్యం ఎదురవుతుంది. తరచుగా అది కౌమారంలో, శరీరం ఒక్కసారిగా పెరిగి ఉన్న కొద్దిపాటి నెఫ్రాన్లు ఆ భారాన్ని మోయలేనప్పుడు. సరిగ్గా ఆ వయసులోనే కుర్రవాడు పిల్లల వైద్యుణ్ణి వదిలి, కాలేజీకి వేరే ఊరు వెళ్ళి, రక్తపోటు చూపించుకోవటం మానేస్తాడు. మూత్రపిండం మార్పిడి చేయించుకున్న ఈ కుర్రవాళ్ళు, మూత్రాశయాన్ని సరిగా చూసుకున్నంతకాలం, తక్కినవారితో సమానంగానే రాణిస్తున్నారు. తెలుగునాట అవయవదానం కోసం 2013లో ప్రారంభమైన జీవన్‌దాన్ కార్యక్రమం వల్ల మార్పిడికి కొంత వెసులుబాటు కలిగింది.

బిడ్డకు ఇలా ఎందుకు జరిగిందని తల్లిని నిలదీసే బంధువులు ఇప్పటికీ ఉన్నారు. గ్రహణం నాడు బయటకు వచ్చిందనీ, బొప్పాయి తిన్నదనీ, విమానం ఎక్కిందనీ చెబుతారు. వాటిలో వేటికీ ఈ పొరతో సంబంధం లేదు. ఇది చాలావరకు ఎక్కడో ఒకరికి యాదృచ్ఛికంగా వచ్చేది; అన్నదమ్ములకు, కవలలకు ఇద్దరికీ వచ్చిన సందర్భాలు నమోదై ఉన్నా అవి బహుస్వల్పం. తరువాతి కాన్పుకు అదనంగా చేయించవలసినదల్లా ఇరవయ్యవ వారంలో ఒకటి, ముప్ఫయ్యవ వారం దాటాక మరొకటి, మూత్రాశయాన్ని, మూత్రపిండాలను ప్రత్యేకంగా చూడమని చెప్పి తీయించే స్కానులు.